గింజ సత్తువ రోట్లో తేలుతుంది

గింజలో ఉన్నదంతా మొలక కోసం తల్లి మొక్క కట్టి ఇచ్చిన సద్దిమూట. వేరు నేలను పట్టుకుని, తొలి ఆకు ఎండను అందుకునేదాకా ఆ మొలకకు బయటి నుంచి తిండి దొరకదు. అందుకే కొవ్వు, మాంసకృత్తులు, ఇనుము, జింకు, భాస్వరం, విటమిన్ ఇ వంటివన్నీ ఆ కాస్త చోటులోనే కుక్కి ఉంటాయి. పురుగూ పుట్రా, వానా ఎండా దాన్ని తాకకుండా పైన పొట్టు కాపలా కాస్తుంది. ఆ కాపలా ఎంత గట్టిదంటే, ఇజ్రాయెల్‌లోని మసాడా కోట తవ్వకాల్లో దొరికిన సుమారు 2,000 ఏళ్ల నాటి ఖర్జూర గింజను 2005లో నాటితే మొలకెత్తింది. అన్ని శతాబ్దాలు చెక్కుచెదరని గింజ మన కడుపులో ఒక్క పూటలో లొంగిపోతుందా అన్నది ఎవరికైనా రావలసిన అనుమానం. గుమ్మడి గింజలు, పొద్దుతిరుగుడు గింజలు, చియా, అవిసెలు అంటూ రంగురంగుల ప్యాకెట్లలో అమ్ముతున్న ఈ రోజుల్లో ఆ అనుమానం మాత్రం ఎక్కడా వినిపించదు. ఏ గింజలో ఎన్ని మిల్లీగ్రాములున్నాయన్న లెక్కే వినిపిస్తుంది. గింజలు మంచి తిండి అనడంలో నాకు సందేహం లేదు. అయితే ఏ గింజ కొన్నామన్నదాని కంటే, దాన్ని ఏం చేసి తిన్నాం, ఎంత తిన్నాం, దేని బదులు తిన్నాం అన్న మూడింటి మీదే లాభం ఎక్కువగా ఆధారపడుతుంది.

ముందు పొట్టు సంగతి చూద్దాం. అవిసెల్లో ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం అనే ఒమేగా-3 కొవ్వు చాలా ఎక్కువ. వంద గ్రాముల గింజల్లో దాదాపు 22 గ్రాములు ఉంటుంది. ఆ కొవ్వు నిజంగా రక్తంలోకి చేరుతోందా అని కెనడాలో పరిశోధకులు పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. కొందరికి అవిసె నూనె, కొందరికి అవిసె పొడి, కొందరికి అవిసె గింజలు అలాగే కలిపిన తినుబండారాలు ఇచ్చారు. నూనె తిన్నవారి రక్తంలో, పొడి తిన్నవారి రక్తంలో ఆ కొవ్వు స్పష్టంగా పెరిగింది. గింజలు అలాగే తిన్నవారిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. చియా మీద అమెరికాలో జరిగిన పరీక్షలోనూ ఇదే తేలింది. పది వారాలపాటు పొడి తిన్న మహిళల్లో ఒమేగా-3 పెరిగింది, గింజలుగానే తిన్నవారిలో పెరగలేదు. బాదం కూడా గింజే కాబట్టి దాని కథా ఇంతే. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు 2012లో బాదం తిన్నవారి ఒంటికి చేరిన శక్తిని కొలిస్తే, 28 గ్రాముల బాదానికి లెక్క ప్రకారం రావలసిన 170 కిలోకేలరీలకు బదులు 129 మాత్రమే చేరినట్టు తేలింది. మిగతా కొవ్వు పళ్ల మధ్య పగలని కణాల్లోనే ఉండిపోయి బయటికి వెళ్లిపోయింది. అదే బాదాన్ని మెత్తటి ముద్దగా నూరి ఇచ్చినప్పుడు శక్తి దాదాపు లెక్క ప్రకారమే చేరింది. ఈ సూత్రం విషానికీ వర్తిస్తుంది. మన గురివింద గింజలో అబ్రిన్ అనే భయంకరమైన విషం ఉంది. పొట్టు చెదరకుండా కడుపులోకి పోతే అది చాలాసార్లు పోయినట్టే బయటపడుతుంది. నమిలినా నూరినా ప్రాణం తీయగలదు. (ఎలా పోయినా ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే, అది వేరే సంగతి.) గింజలోని మంచైనా చెడైనా పొట్టు పగిలితేనే మనది.

ఈ దృష్టితో చూస్తే తెలుగు వంటిల్లు ఎంత ముందుందో తెలుస్తుంది. నువ్వులను దోరగా వేయించి, ఎండుమిర్చి, ఉప్పు, వెల్లుల్లితో కలిపి రోట్లో దంచి వేడి అన్నంలో కలుపుకోవడం మనకు కొత్త కాదు. అవిసెల పొడి, ఉత్తరాంధ్రలో వలిసెల పొడి అదే తీరు. అరకు లోయను చలికాలంలో పసుపుపచ్చగా మార్చే ఆ పూల తోటలు ఫొటోల కోసం పెంచినవి కావు, వలిసె గింజల కోసం వేసిన పంట. తెలంగాణలో పచ్చిపులుసుకు చిక్కదనం ఇచ్చేది వేయించి నూరిన నువ్వులే. గుత్తివంకాయ కూరలో కూరే ముద్దలో, హైదరాబాదీ బగారా బైంగన్‌లో, మిర్చీ కా సాలన్‌లో నువ్వులూ పల్లీలూ మెత్తగా నలిగి కలిసిపోతాయి. సద్దుల బతుకమ్మ నాటి ప్రసాదాల్లో నువ్వుల సద్ది, పల్లీల సద్ది ఉంటాయి. కోస్తా ఇళ్లలో ఆడపిల్లలకు పెట్టే చిమ్మిలిలో నువ్వులు బెల్లంతో కలిసి దంపుడు తింటాయి. సకినాల వంటి కొన్నింటిలో తప్ప, నువ్వు గింజను గింజగానే వదిలేసే వంటకాలు మన దగ్గర తక్కువే. ఈ పద్ధతులు పెట్టినవారికి ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం గురించి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. వాళ్లు చూసుకున్నది రుచి, నిల్వ, కూర లేని రోజున అన్నం దిగే మార్గం. పూర్వులకు అన్నీ తెలుసునని చప్పట్లు కొట్టే అలవాటు నాకు లేదు గానీ, ఈ విషయంలో వాళ్ల రుచి, పరిశోధకుల కొలత ఒకే చోట కలుస్తున్నాయి.

పొడిలో మరో లాభం ఉంది. నువ్వుల మాంసకృత్తుల్లో మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం బాగా ఉంటుంది, లైసిన్ తక్కువ. పప్పుల్లో సరిగ్గా దీనికి తిరగబడి లైసిన్ ఎక్కువ, మిథియోనిన్ తక్కువ. ఇడ్లీ కారప్పొడిలో మినప్పప్పు, శనగపప్పు, నువ్వులు ఒకే రోట్లో పడితే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. గానుగ ఆడించినప్పుడు కథ వేరు. నూనెలోకి కొవ్వు, దానితో కలిసి కొంత విటమిన్ ఇ పోతాయి. మాంసకృత్తులు, పీచు, కాల్షియం, ఇనుము తెలగపిండిలోనే ఉండిపోతాయి. నువ్వుల నూనె మంచిదే. కానీ నువ్వుల గుణాలన్నీ నూనెలో ఉంటాయనుకుంటే, సారంలో సగానికి పైగా పశువుల తొట్టిలోకి పోతుందన్న మాట. మునగాకు వేసి తెలగపిండి కూర వండి బాలింతకు పెట్టే అలవాటు కోస్తాలో ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. పోషకాల లెక్కలో అది ఎంతో తెలివైన కూర. పెళ్లి భోజనాల జాబితాలోకి అది ఎప్పటికీ ఎక్కదన్నది దాని దురదృష్టం.

ఇక లెక్కల మాయ. ‘పాలకంటే నువ్వుల్లో కాల్షియం ఎనిమిది రెట్లు’ అని తరచూ చదువుతుంటాం. వంద గ్రాములకు వంద గ్రాములు పెట్టి చూస్తే అది నిజమే. పొట్టు తీయని నువ్వుల్లో దాదాపు 1,000 మిల్లీగ్రాములు, రకాన్ని బట్టి అంతకంటే ఎక్కువ కూడా ఉంటుంది. పాలలో 120 దాకా ఉంటుంది. కానీ వంద గ్రాముల నువ్వులు ఒక రోజులో ఎవరు తింటారు? పెద్ద చెంచాడు నువ్వులు పది గ్రాములు తూగుతాయి. వాటిలో కాల్షియం వంద మిల్లీగ్రాములకు కాస్త అటూఇటూ. ఒక గ్లాసు పాలలో 240 ఉంటుంది. పాలలోని కాల్షియంలో మూడో వంతు దాకా ఒంటబడుతుంది. నువ్వుల్లో చాలా భాగం ఆక్సలేటుతో ముడిపడి ఉండటం వల్ల అయిదో వంతు చేరినా గొప్పే. అంటే చెంచాడు నువ్వుల నుంచి ఒంటికి అందేది 20 మిల్లీగ్రాములు, గ్లాసు పాల నుంచి 80. ఎనిమిది రెట్ల గొప్ప ఇక్కడికి వచ్చేసరికి తిరగబడింది. పైగా నువ్వుల కాల్షియం ఎక్కువగా పొట్టులోనే ఉంటుంది. బేకరీ బన్నుల మీద మెరిసే పొట్టు తీసిన తెల్ల నువ్వుల్లో అది పదో వంతు దరిదాపులకు పడిపోతుంది. భారత వైద్య పరిశోధన మండలి పెద్దవాళ్లకు రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలంటోంది. పాలు తాగని వారికి నువ్వులు విలువైన ఆసరాయే. రాగులు, ఆకుకూరలు, చిన్న చేపలతో కలిసి నువ్వులు ఆ లోటు కొంత పూడుస్తాయి. ఒంటరిగా పూడుస్తాయని చెప్పడం మాత్రం అమ్మకం మాట.

ఇక్కడే ఇంకో అభ్యంతరం వస్తుంది. గింజల్లో ఫైటేట్లు ఉంటాయి, అవి ఇనుమునూ జింకునూ పట్టి బంధించేస్తాయి, కాబట్టి గింజలు తినడం దండగ అంటారు కొందరు. మొదటి సగం నిజం. మొలకకు కావలసిన భాస్వరాన్ని మొక్క ఫైటేట్ రూపంలోనే దాస్తుంది. అది ఖనిజాలను గట్టిగా పట్టుకుంటుంది. రెండో సగం తప్పు. ఫైటేట్లు బియ్యంలో ఉన్నాయి, గోధుమల్లో ఉన్నాయి, పప్పుల్లో ఉన్నాయి. ఆ కారణంగా వాటిని మానేయమని ఎవరూ అనరు. నానబెట్టినప్పుడూ మొలకెత్తించినప్పుడూ పులియబెట్టినప్పుడూ గింజలోనూ పిండిలోనూ ఉండే ఎంజైములు ఫైటేట్‌ను కొంత విడగొడతాయి. భోజనంలో విటమిన్ సి ఉంటే ఇనుము పట్టుకోవడం బాగా పెరుగుతుంది. నువ్వుల పొడి అన్నం మీద నిమ్మకాయ పిండుకోవడం, పక్కన జామకాయ ముక్క పెట్టుకోవడం ఈ పని చేస్తాయి. తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు చాలావరకు చెడుతుంది. ఈ విషయం మన రాష్ట్రాలకు మామూలు సంగతి కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం రక్తహీనతతో ఉన్నారు. స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము అవసరమని మండలి లెక్క. చెంచాడు నువ్వుల్లో ఉండేది ఒకటిన్నరకు మించదు. నువ్వుండలతో రక్తహీనత పోతుందని చెప్పేవారు ఐరన్ మాత్ర వేసుకోవలసిన అమ్మాయికి అపకారం చేస్తున్నట్టే. మాత్ర మాత్రే, ఉండ ఉండే. రెండూ తినవచ్చు.

మోతాదు సంగతిలో మెంతులంత మంచి ఉదాహరణ లేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1990లో మధుమేహ రోగుల మీద మెంతుల ప్రభావం గురించి ఒక అధ్యయనం ప్రచురించారు. మెంతులు తిన్న రోజుల్లో రక్తంలో చక్కెరా కొలెస్టరాలూ తగ్గాయి. మెంతి గింజలోని జిగురు పీచు పేగులో చిక్కటి పొరలా ఏర్పడి చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి ఇందులో వింత లేదు. ఆ తర్వాత ఈ వార్త ఇల్లిల్లూ తిరిగింది. కానీ దారిలో ఒక అంకె జారిపోయింది. ఆ రోగులకు ఇచ్చింది నూనె తీసిన మెంతిపిండి, రోజుకు వంద గ్రాములు, రెండు పూటలుగా. రాత్రి నానబెట్టి పొద్దున్నే మింగే అరచెంచా మెంతులు రెండు మూడు గ్రాములు కూడా ఉండవు. నీళ్లు వంచుకుని తాగి గింజలు పారేసేవారికి దక్కేది ఇంకా తక్కువ. తర్వాతి పరీక్షల్లో 25 గ్రాముల దాకా తగ్గించి ఇచ్చినా మేలు కనిపించింది. అదీ వంటింటి అరచెంచాకు చాలా దూరం. మెంతులు పనిచేయవని దీని అర్థం కాదు. దోసె పిండిలో, పులుసులో, మెంతిపిండిలో ఎక్కువగా వాడితే ఎక్కువ లాభం, ఆ చేదు భరించగలిగినంత మేర. ఇప్పటికే మందులు వాడుతున్నవారు పెద్ద మోతాదుకు దిగే ముందు డాక్టరుతో మాట్లాడాలి. చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంది.

రక్తపోటు మీద అవిసెల పరీక్ష కూడా ఇలాంటిదే. కెనడాలోని విన్నిపెగ్‌లో కాళ్ల రక్తనాళాలు పూడుకుపోయిన 110 మంది రోగులను రెండు జట్లుగా చేసి ఆరు నెలలు గమనించారు. ఒక జట్టు రోజూ 30 గ్రాముల అవిసె పొడి కలిపిన ఆహారం తిన్నది. 2013లో వెలువడిన ఫలితాల్లో, వాళ్ల పై రక్తపోటు రెండో జట్టు కంటే సుమారు 10 పాయింట్లు, కింది రక్తపోటు 7 పాయింట్లు తక్కువగా తేలింది. ఒక ఆహార పదార్థానికి ఇది చాలా పెద్ద ఫలితం. అందులోనూ పొడే వాడారని, 30 గ్రాములంటే మూడు నాలుగు పెద్ద చెంచాలని, ఆ రోగుల్లో చాలామంది మందులు మానకుండానే తిన్నారని కలిపి చదువుకోవాలి. చేప తినకపోయినా అవిసెలు చాలన్న మాటకూ ఇక్కడే సమాధానం ఉంది. అవిసె ఒమేగా-3ను మన శరీరం చేప నూనెలో ఉండే రకంగా మార్చుకోగలదు గానీ, ఆ మార్పు కొద్ది శాతమే. మెదడుకు ముఖ్యమైన డీహెచ్ఏ అనే రకం విషయంలో ఇంకా తక్కువ. శాకాహారికి అవిసెలు మంచి ఆధారం. చేప తినేవారు చేప మాని అవిసెలకు మారాల్సిన పని లేదు.

చియా గురించి రెండు మాటలు చాలు. మెక్సికో, గ్వాటెమాలా ప్రాంతాల పాత పంట అది, అజ్టెక్‌ల తిండి. పీచు, కాల్షియం అవిసెల కంటే ఎక్కువే. ఒమేగా-3 మాత్రం అవిసెల్లోనే ఎక్కువ. సన్నబడతారన్న ప్రచారాన్ని 2009లో పరీక్షించి చూశారు. పన్నెండు వారాలు రోజుకు 50 గ్రాముల చియా తిన్నవారి బరువు తగ్గలేదు. సబ్జా గింజలకూ దీనికీ పోలిక నీళ్లలో ఉబ్బడం వరకే, మొక్కలు వేరు. చియాను పొడిగా మింగి పైన నీళ్లు తాగడం ప్రమాదం. అమెరికాలో ఒక వ్యక్తికి అవి అన్నవాహికలోనే ఉబ్బి అడ్డుపడితే వైద్యులు తీయాల్సి వచ్చిందని 2014లో ఒక వైద్య సదస్సులో వివరించారు. నానబెట్టి తినవచ్చు. కానీ ఇంట్లో గుమ్మడికాయ కోసినప్పుడు గింజలు చెత్తబుట్టలో వేసి, అవే గింజల్ని ఆన్‌లైన్‌లో ప్యాకెట్‌గా తెప్పించుకునే మన తీరు చూస్తే, కొంటున్నది పోషకమా ఫ్యాషనా అని అడగాలనిపిస్తుంది. నెలసరి మొదటి సగంలో అవిసెలు, గుమ్మడి గింజలు, రెండో సగంలో నువ్వులు, పొద్దుతిరుగుడు గింజలు తింటే హార్మోన్లు సర్దుకుంటాయన్న క్యాలెండర్ పద్ధతీ ఇలాంటిదే. నాలుగూ తినదగ్గ గింజలే. ఆ తేదీలకు మాత్రం గట్టి ఆధారం లేదు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం కొవ్వు గురించి. నువ్వుల బరువులో సగం కొవ్వే. చెంచాడుకు 57 కిలోకేలరీలు. గింజలు మంచివని విని, రోజూ తినే తిండి మీద గుప్పెడు అదనంగా పోస్తే నడుము పెరిగే అవకాశం ఉంది. మంచి ఫలితాలు చూపిన పరీక్షల్లో చాలా వాటిలో గింజలు మరో తిండి స్థానంలోకి వచ్చాయి. స్పెయిన్‌లో 7,447 మందితో చేసిన ప్రెడిమెడ్ అధ్యయనంలో ఒక జట్టు కూరలు, పప్పులు, చేపలతో కూడిన భోజనంతో పాటు రోజూ 30 గ్రాముల అక్రోట్లు, బాదం, హేజెల్ గింజలు తిన్నది. గుండెపోటు, పక్షవాతం వంటివి ఆ జట్టులో దాదాపు 30 శాతం తగ్గాయి. పాల్గొన్నవారిని జట్లుగా విడదీయడంలో లోపాలు బయటపడి 2018లో లెక్కలు మళ్లీ వేసినా ఆ మొగ్గు నిలిచింది. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లోనూ రోజుకు 35 గ్రాముల దాకా బాదం, పల్లీల వంటి గింజలకు, నూనెగింజలకు చోటిచ్చి, నూనెను 27 గ్రాములకు కట్టడి చేసింది. మన కంచానికి వర్తింపజేస్తే విషయం స్పష్టమే. పల్లీల పొడి తింటున్న పూట పక్కన అప్పడం వేయించనక్కర్లేదు. సాయంత్రం మిక్చర్ బదులు వేయించిన పల్లీలు, నువ్వుండ తినవచ్చు. మనలో చాలామందికి అసలు సమస్య పొడి తక్కువై, దాని కింద తెల్లన్నం కొండలా ఉండడం. రెండు ముద్దల పొడి అన్నం తిని గింజలు తింటున్నామనుకుంటే అరచెంచా మెంతుల లెక్కే మళ్లీ.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. నువ్వుల అలర్జీ తేలిగ్గా తీసుకునేది కాదు. అమెరికాలో 2023 జనవరి నుంచి ప్యాకెట్ల మీద నువ్వుల ప్రస్తావన తప్పనిసరి చేశారు. అక్కడ ఉండే మనవాళ్లు పిల్లల స్కూలు డబ్బాలో నువ్వుల పొడి పెట్టే ముందు ఆ బడి నియమాలు చూసుకోవాలి. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు ఉన్నవారు నువ్వుల మోతాదు గురించి వైద్యుణ్ణి అడగాలి. అవిసెల జిగురు మాత్రల్ని పట్టి ఉంచుతుంది కాబట్టి మందులకూ దానికీ గంట రెండు గంటల ఎడం ఉండాలి. పచ్చి అవిసెల్లో సైనైడ్ పుట్టించే పదార్థాలు కొద్దిగా ఉంటాయి. వేయిస్తే అవి తగ్గుతాయి, మన పొడి పద్ధతిలో ఎలాగూ వేయిస్తాం. బూజు పట్టిన, ముడుచుకుపోయిన పల్లీలను ఏరి పారేయాల్సిందే. వాటిలో పుట్టే అఫ్లాటాక్సిన్ కాలేయానికి విషం, వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు. పొట్టు ఉన్నన్నాళ్లూ గింజ నెలలపాటు నిలుస్తుంది. పొడి చేశాక గాలి తగిలి కొవ్వు చెడి పాత నూనె వాసన వస్తుంది. అవిసెల్లో ఇది మరీ త్వరగా జరుగుతుంది. గింజలుగా కొని వారానికి సరిపడా దంచుకుని గాలి చొరబడని సీసాలో, వీలైతే ఫ్రిజ్‌లో పెట్టుకోవడం మేలు. బజారు పొడే కొనాల్సి వస్తే ప్యాకెట్ వెనక పదార్థాల వరుస చదవండి. మన దేశంలో ఎక్కువ ఉన్నది ముందు రాయాలన్నది నియమం. పుట్నాలు మొదట ఉండి నువ్వులు ఉప్పు తర్వాత వస్తే, ముందువైపు పెద్ద అక్షరాల్లో ఏం రాసి ఉన్నా మీరు కొన్నది పుట్నాల పొడి.